కుక్కలకూ పిల్లులకూ రక్తపోటు: హెచ్చినా తగ్గినా హెచ్చరికే

నేడు మన పల్లెలలో రక్తపోటు అనే మాట తెలియని ఇల్లు లేదు. కారిమంగళం మొదలుకొని అటు పాలకోడు వరకు, ఇటు కావేరిపట్నం, కృష్ణగిరి వరకు ఏ తెలుగువారి ఇంటికి వెళ్ళినా గూటిలోనో, అలమరలోనో పెద్దవారి బి.పి. మాత్రల అట్ట ఒకటి కనబడుతుంది. అయితే అదే ఇంటి తిన్నె మీద కాపలా కాసే కుక్కకూ, అటక మీద ఎలుకలు పట్టే పిల్లికీ కూడా రక్తపోటు ఉంటుందనీ, అదీ హెచ్చుతగ్గులకు లోనవుతుందనీ తెలిసినవారు తక్కువ.

తెలియకపోవడం వలన రెండు విధాల నష్టం జరుగుతున్నది. ముసలి పిల్లి గోడకు గుద్దుకుంటూ నడిస్తే "వయసు మీరింది" అని వదిలివేస్తున్నాము. కుక్క నీరసించి పడిపోతే చేతికి దొరికిన మాత్ర నూరి పోస్తున్నాము. మొదటి దానివలన కన్ను పోతుంది. రెండవ దానివలన ప్రాణమే పోవచ్చు. ఈ రెండింటినీ తప్పించుకొనుటకు కావలసిన విషయాలను వీలైనంత సులభంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తపోటు అనగా ఏమి?

గుండె రక్తాన్ని నాళాలలోనికి తోసినప్పుడు ఆ రక్తం నాళాల గోడల మీద కలిగించే ఒత్తిడికే రక్తపోటు అని పేరు. తెలుగులో "పోటు" అంటే సముద్రపు ఆటుపోటులలోని పొంగు అనే అర్థమూ ఉన్నది, బాధతో కూడిన పొడుపు అనే అర్థమూ ఉన్నది. అందువలన కొందరు రక్తపోటు అంటే ఎక్కడో నొప్పి పుట్టాలని అనుకుంటారు. తమిళంలో దీనిని "రత్త అళుత్తం" అంటారు. అళుత్తం అంటే నొక్కుడు. ఈ విషయంలో తమిళ పదమే మనకు సరియైన ఊహను ఇస్తుంది. రక్తపోటుకు నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే దానిలోని ప్రమాదం.

మన తోటలలోని డ్రిప్ గొట్టాలను తలచుకుంటే విషయం బోధపడుతుంది. మోటారు గుండె వంటిది, గొట్టాలు రక్తనాళాలు, పారే నీరు రక్తం. మోటారు బలహీనపడినా, బావిలో నీరు తగ్గినా, గొట్టం ఎక్కడైనా తెగినా చివరి మొక్కకు నీరు అందదు. అది అల్ప రక్తపోటు. గొట్టాలు ఇరుకైనా, నీటి తోపుడు మితిమీరినా సన్నని గొట్టాలు పగులుతాయి, అతుకులు ఊడుతాయి. అది అధిక రక్తపోటు. దేహంలో కన్ను, మెదడు, మూత్రపిండం అనే మూడు చోట్ల నాళాలు అతి సన్ననివి. కనుక హెచ్చు రక్తపోటు దెబ్బ మొదట అక్కడే తగులుతుంది. నిరంతరం ఎదురు ఒత్తిడికి పనిచేసి గుండె గోడలు కూడా దళసరి అవుతాయి.

ఈ జ్ఞానం జంతువుల వలన వచ్చినదే

రక్తపోటును మొట్టమొదట కొలిచినది మనిషిలో కాదు. ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రం ధమనిలో గొట్టం అమర్చి దానికి పొడవైన గాజు నాళికను తగిలించగా రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచినది. ఆ వివరాలను ఆయన 1733లో గ్రంథరూపంలో ప్రకటించాడు. చేతికి గాలి పట్టీ చుట్టి కొలిచే పద్ధతిని ఇటలీ వైద్యుడు రివా రోచీ 1896లో వెల్లడించాడు.

మూత్రపిండానికీ రక్తపోటుకూ గల సంబంధాన్ని కుక్కలే మనకు చూపినవి. అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల మూత్రపిండానికి రక్తం తెచ్చే ధమనిని చిన్న వెండి బిగింపుతో కొద్దిగా నొక్కి ఉంచినాడు. వాటి రక్తపోటు పెరిగి అట్లే నిలిచినది. ఈ ఫలితాలు 1934లో వెలువడినవి. రక్తం తక్కువగా వస్తున్నదని మూత్రపిండానికి తోచినప్పుడు అది రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావం వలన నాళాలు బిగుసుకుంటాయి. ఉప్పు, నీరు దేహంలో నిలిచిపోతాయి. నేడు మన ఇళ్ళలో పెద్దలు మింగే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు ఈ వరుసను అడ్డుకొనేవే.

ఎంత ఉండవలెను?

మనకు 120/80 అని చెప్పినట్లే వీటికీ రెండు అంకెలు ఉంటాయి. అయితే పశువైద్యులు ముఖ్యంగా పై అంకెనే, అనగా గుండె ముడుచుకున్నప్పటి పోటునే, లెక్కలోనికి తీసుకుంటారు. అమెరికా పశు అంతర్వైద్య నిపుణుల సంఘం 2018లో సవరించిన వర్గీకరణ కుక్కలకూ పిల్లులకూ ఒకటే. పాదరసపు మిల్లీమీటర్లలో అది ఇట్లు ఉన్నది:

140కి లోపు: మామూలు.
140 నుండి 159: కొంచెం ఎక్కువ; కనిపెట్టి ఉండవలెను.
160 నుండి 179: అధిక రక్తపోటు.
180, ఆ పైన: తీవ్రం, కన్ను, మెదడు వంటి అవయవాలు చెడే ప్రమాదం ఎక్కువ.

తగ్గుదల విషయానికి వస్తే, పై అంకె 90కి దిగువకు పడితే అల్ప రక్తపోటుగా భావిస్తారు.

ఇక్కడ ఒక మాట గమనించవలెను. గోతంలో కట్టి, మోటారు సైకిలు మీద వేసుకొని, సంతవీధి రొద మధ్య తెచ్చిన పిల్లికి భయం వలననే పోటు పెరుగుతుంది. అది రోగం కాదు. అందుచేత వైద్యులు దానిని 5 నుండి 10 నిమిషాల సేపు నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచి, యజమాని పక్కనే ఉండగా కొలుస్తారు. మొదటి కొలతను వదిలి, తరువాతి అయిదారు కొలతల సరాసరి తీస్తారు. కన్ను, మెదడు చెడిన గుర్తులు లేకపోతే మరొక రోజు మళ్ళీ కొలిచిన తరువాతనే నిర్ణయానికి వస్తారు. గ్రేహౌండ్ వంటి సన్నని వేటకుక్కలలో పోటు సహజంగానే కాస్త ఎక్కువ. మన ప్రాంతంలో పెంచే చిప్పిపారై కూడా ఆ దేహపు తీరుదే కనుక జాతి పేరు వైద్యునికి చెప్పడం మంచిది.

ఇంట్లో తాతగారికి వాడే యంత్రాన్ని కుక్క కాలికి చుట్టి చూడరాదా అని పిల్లలు అడుగుతారు. చూడవచ్చును కాని ఆ అంకెను నమ్మరాదు. పట్టీ వెడల్పు కాలి చుట్టుకొలతలో సుమారు 30 నుండి 40 శాతం మాత్రమే ఉండవలెను. పట్టీ వెడల్పైతే అంకె తక్కువగానూ, ఇరుకైతే ఎక్కువగానూ వస్తుంది. మనిషి చేతికి కుట్టిన పట్టీ పిల్లి కాలికి సరిపడదు.

అధిక రక్తపోటు: చప్పుడు చేయని శత్రువు

మనుషులలో చాలామందికి రక్తపోటు ఇందువలననే వచ్చినదని కారణం చూపలేము. కుక్కలలో, పిల్లులలో అట్లు కాదు. వాటిలో హెచ్చు రక్తపోటు వెనుక చాలావరకు మరొక రోగం దాగి ఉంటుంది. రక్తపోటు పొగ వంటిది. నిప్పు వేరే చోట ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభం.

ఆ నిప్పులలో ముఖ్యమైనది మూత్రపిండాల దీర్ఘరోగం. ముసలి పిల్లులలో కంఠం దగ్గరి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం మరొకటి. కుక్కలలో అడ్రినల్ గ్రంథుల స్రావం మితిమీరే కుషింగ్ వ్యాధి, మధుమేహం కూడా కారణాలు. మన పల్లెలలో ఎలుకల మూత్రం వలన వ్యాపించే లెప్టోస్పైరా జ్వరం, పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా జ్వరం మూత్రపిండాలను దెబ్బతీయగలవు కనుక వీటినీ లెక్కలోనికి తీసుకోవలెను. ఎర్లీకియాకు వైద్యులు ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుండి వెలువడినది. అక్కడి పరిశోధనలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంటివారు గమనించవలసిన గుర్తులు ఇవి:

నీరు మునుపటికంటె ఎక్కువ త్రాగడం, మూత్రం ఎక్కువగా పోయడం, తింటున్నా చిక్కిపోవడం. ఇవి అడుగున ఉన్న రోగపు గుర్తులు.

వెలుతురులో కూడా కనుపాపలు పెద్దవిగా తెరుచుకొని ఉండడం, కంటిలో ఎర్రని రక్తపు చార కనబడడం, తెలిసిన ఇంట్లోనే గోడకు, గడపకు గుద్దుకోవడం.

తల ఒక పక్కకు వాలడం, తూలుతూ నడవడం, దిక్కు తెలియక తిరగడం, మూర్ఛలు.

ముక్కునుండి రక్తం కారడం. ఇది పిడుదుల జ్వరంలోనూ వస్తుంది.

వీటిలో పిల్లికి హఠాత్తుగా చూపు పోవడం మిక్కిలి ముఖ్యమైనది. పోటు ఎక్కువై కంటి లోపలి తెర ఊడిపోవడమే దీనికి కారణం. రాత్రి వరకు ఎలుకను పట్టిన పిల్లి తెల్లవారి పాల గిన్నెను వెదకలేకపోతే అది ముసలితనం కాదు, దిష్టి అంతకంటె కాదు. ఆ రోజే వైద్యునికి చూపితే కొన్ని పిల్లులకు కొంత చూపు తిరిగి వస్తుంది. వారాలు గడిస్తే ఆ ఆశ ఉండదు.

చికిత్సలో రెండు భాగాలు ఉంటాయి: అసలు రోగానికి మందు, పోటును దింపే మందు. పిల్లులకు సాధారణంగా ఆమ్లోడిపిన్, కుక్కలకు ఎనలాప్రిల్, బెనజెప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి వాడుతారు. అవసరమైతే కలిపి ఇస్తారు. మందు మొదలుపెట్టిన వారం పది రోజులకు మళ్ళీ కొలిపించవలెను. ఆపైన కొన్ని నెలలకు ఒకసారి చూపవలెను. బాగుపడినదని మనంతట మనమే మందు ఆపరాదు. ఉప్పు తగ్గించినంత మాత్రాన వీటి పోటు దిగిరాదు. అయినను కరువాడు, ఊరగాయ అన్నం, ఉప్పు కలిపిన మాంసం పెట్టకపోవడమే మేలు.

అల్ప రక్తపోటు: గంటల లెక్క

హెచ్చు రక్తపోటు నెలల తరబడి లోలోపల పనిచేస్తుంది. తగ్గు రక్తపోటు గంటలలో తేల్చివేస్తుంది. మన పల్లెలలో కుక్కలు ఎక్కువగా చనిపోయేది ఈ రెండవ దానివలననే అనిపిస్తుంది, ఎందుకంటే దానిని తెచ్చే కారణాలన్నీ మన చుట్టూనే ఉన్నవి.

44వ జాతీయ రహదారి మీద వాహనం తగిలి లోపల రక్తం పోవడం ఒకటి. పైకి గాయం లేకపోయినా కడుపులో రక్తం నిండవచ్చును. టీకా వేయని కుక్కపిల్లలకు పార్వో వచ్చి వాంతులు, రక్త విరేచనాలతో ఒంటిలోని నీరంతా పోవడం రెండవది. చిత్తిర, వైకాసి ఎండలలో రేకుల కింద గొలుసుతో కట్టివేసిన కుక్కకు వడదెబ్బ తగలడం మూడవది. చేను గట్టున పాము కాటు నాలుగవది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయక, పోటును దించి, మూత్రపిండాలను కూడా చెడగొడుతుంది. చీము విషం రక్తానికెక్కడం, గుండె జబ్బు, కొన్ని మందులు పడకపోవడం కూడా కారణాలే. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చినప్పుడు పోటు తగ్గుతుంది కనుకనే వైద్యులు ముందుగా సెలైన్ ఎక్కించి చూస్తూ ఉంటారు.

గుర్తించే పద్ధతి కష్టం కాదు. మీ చేతికి అలవాటైన, నెమ్మదిగా ఉన్న జంతువు పై పెదవిని ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట 2 సెకన్లలోపు తిరిగి ఎరుపు రావలెను. ఆలస్యమైతే, లేక చిగుళ్ళు ముందే పాలిపోయి ఉంటే, రక్తం సరిగా అందడం లేదని అర్థం. నల్లని చిగుళ్ళు గల కుక్కలకు కింది కనురెప్ప లోపలి వైపు చూడవచ్చును. పాదాలు, చెవులు చల్లబడతాయి. తొడ లోపలి వైపు నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటుంది లేక చేతికి అందదు. పిల్లులలో మాత్రం గుండె వేగం తగ్గి ఒళ్ళు చల్లబడడం కూడా జరుగుతుంది.

అప్పుడు చేయవలసినవి: పక్కకు పడుకోబెట్టి మెడ చాపి ఉంచండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. వడదెబ్బ అయితే నీడకు చేర్చి మామూలు నీటితో ఒళ్ళు తడిపి గాలి విసరండి, మంచుగడ్డలలో ముంచరాదు. కుక్క మామూలు వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ఉపేక్షించరాదు. పాము కాటు అయితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. నడిపించక ఎత్తుకొని వెళ్ళండి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు మనుషులకు వాడే విషవిరుగుడు మందునే కుక్కలకూ వాడుతారు కనుక ఆశ ఉన్నది. స్పృహ లేని జంతువు నోట్లో నీరు, పాలు, కాఫీ ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోతుంది.

మన మాత్రలు వాటికి వద్దు

పిల్లికి జ్వరమని ఒక్క పారాసిటమాల్ మాత్ర ఇచ్చినా ప్రాణం పోవచ్చును. ఆ మందును విరిచివేసే శక్తి పిల్లి దేహానికి చాలా తక్కువ. అందువలన రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇబుప్రోఫెన్ కుక్కలకూ పిల్లులకూ కడుపులో పుండ్లు, మూత్రపిండాల నష్టం కలిగిస్తుంది.

బి.పి. మాత్రల సంగతి మరీ ముఖ్యం. పైన చెప్పిన కొన్ని మందుల పేర్లు మన అట్టల మీద ఉన్నవే కదా అని మీరు అనవచ్చును. మందు ఒకటే కావచ్చును, కొలత ఒకటి కాదు. 60 కిలోల మనిషికి కొలిచిన మాత్ర 3 కిలోల పిల్లికి ఎంత అవుతుందో లెక్క కట్టి చూడండి. ఆడుకుంటూ అట్టను కొరికి ఆమ్లోడిపిన్, అటెనలాల్ వంటి మాత్రలు మింగిన కుక్కపిల్లకు పోటు ప్రమాదకరంగా పడిపోతుంది. అట్లు జరిగితే గుర్తుల కోసం కాచుకొని ఉండక, ఆ అట్టను కూడా వెంట తీసుకొని వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఎన్ని మాత్రలు పోయినవో లెక్క చెప్పగలిగితే చికిత్స సులభం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త

తూలడం, మూర్ఛలు, చొంగ కారడం, తెలిసినవారిని కూడా కరవబోవడం రేబిస్‌లోనూ కనబడతాయి. నడవడి మారిన కుక్కకు, పిల్లికి నోట్లో చేయి పెట్టి చిగుళ్ళు చూడరాదు. పిల్లలను దగ్గరకు పోనీయరాదు. కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకోవలెను.

ఎక్కడ చూపించవలెను? ఏమని చెప్పవలెను?

మొదట మీ ఊరికి దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళండి. బోర్డు మీద తమిళంలో "కాల్‌నడై మరుందగం" అని ఉంటుంది. రక్తపోటు కొలిచే యంత్రం అన్ని చోట్లా ఉండదు. పెద్ద ఆస్పత్రికి పోవలసి వస్తే ఎక్కడికో వారినే అడగండి. నామక్కల్‌లోనూ, సేలం జిల్లా తలైవాసల్‌లోనూ, బెంగళూరు హెబ్బాళలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నవి. సంచార పశువైద్య వాహనాల సహాయ సంఖ్య 1962.

మన ఇంటి మాట తెలుగు, వైద్యుని మాట తమిళం కావడం వలన చెప్పవలసినది సగం నోట్లోనే మిగిలిపోతుంది. ఈ మాటలు కాగితం మీద వ్రాసి పెట్టుకోండి: చిగుళ్ళు – ఈఱు, మూత్రం – సిఱునీర్, వాంతి – వాంది, మూర్ఛ – వలిప్పు, పిడుదు – ఉణ్ణి, చూపు పోయినది – పార్వై పోయ్‌విట్టదు, పాము కాటు – పాంబు కడి. ఎప్పటినుండి, ఎన్నిసార్లు, ఏమి తిన్నది, ఏ మందు ఇచ్చినారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి. మీరు ఇచ్చిన నాటు మందునైనా దాచవద్దు.

ముగింపు

9 ఏళ్ళు దాటిన కుక్కకూ పిల్లికీ ఏడాదికి ఒకసారి రక్తపోటు కొలిపించడం, మూత్ర పరీక్ష చేయించడం మంచిది. పిల్లలకు టీకాలు, ఒంటి మీద పిడుదులు లేకుండా చూడడం, ఎండలో నీడ, ఎప్పుడూ ఒక తొట్టి నీరు – ఇవి ఖర్చు తక్కువైన రక్షణలు. కోడి కూయక ముందే లేచి మన వాకిలి కాచే జీవి తన బాధను ఏ భాషలోనూ చెప్పుకోలేదు. దాని కన్ను, చిగురు, నడక, నీటి తొట్టి చెప్పే మాటను మనమే చదువుకొనవలెను. ఈ వ్యాసం చదివిన తరువాత ఈ సాయంత్రమే ఒకసారి మీ కుక్క పెదవిని ఎత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిగురు రంగు ఎట్లుంటుందో తెలిసినవారికే అది మారిన రోజున తెలుస్తుంది.